నాలుగో వార్డులో ఎవరూ పడరు

ఆ రోజు పొద్దున హెడ్ నర్సు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా సూపరింటెండెంటుగారికి కాగితాలు చూపించడం, తొమ్మిదింపావుకల్లా గోడకి ఒక కడ్డీ మంజూరు చేయించుకోవడం. నాలుగో వార్డులో ఎవరు జారిపడ్డా ఆరు నెలలుగా ఆవిడ తారీఖు, టైము, చోటు రాసిపెడుతోంది. మొత్తం నూట ముప్ఫై ఒక్కమంది. వాళ్లలో నూట పదిహేనుమంది బాత్‌రూమ్ ముందు నడవలోనే, పొద్దున్నే నేల కడిగిన అరగంటలోనే పడ్డారు. కడిగే వేళ మార్చమంటే అది కాంట్రాక్టులో రాసి ఉందన్నారు. ఇక మిగిలింది పట్టుకోవడానికి కడ్డీ ఒక్కటే. పైగా వచ్చే నెలలో ఆవిడ తల్లికి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత పడుకోబోయేది ఈ వార్డులోనే. ఆలోపు కడ్డీ పడాలి.

"అబ్బ, ఎంత ముచ్చటగా ఉందమ్మా ఈ గ్రాఫు!" అన్నారు సూపరింటెండెంటుగారు.

"గ్రాఫు సరే సార్, కడ్డీ..."

"కడ్డీదేముంది, రేపే వేయించొచ్చు. కానీ పైవాళ్లకి ఫలితం చూపించాలి. కొలవడానికి వీలైన ఫలితం. ముందు నెల రోజుల్లో ఈ గీత కిందికి దించు, కడ్డీ నేను వేయిస్తా."

"కడ్డీ లేకుండా గీత ఎలా దిగుతుంది సార్?"

"అది నాకొదిలెయ్."

మర్నాడే ఆర్డరు వచ్చింది. ఎవరైనా పడితే డ్యూటీ నర్సు నాలుగు పేజీల సంజాయిషీ ఫారం నింపాలి. వారానికి అయిదుగురు పడే వార్డులో ఆ వారం ఇద్దరే పడ్డారు. నేల ఎప్పటిలాగే తడిగా ఉంది, నర్సుల పెన్నులే ఎండిపోయాయి. సూపరింటెండెంటుగారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. 'ఎవరూ పడని రోజులు' అని గుమ్మంలో బోర్డు పెట్టించారు. దాని మీద రోజుకో అంకె పెరగడం మొదలైంది.

పదహారో రోజు పొద్దున ఏడో మంచం తాతయ్య నడవలో చతికిలబడ్డాడు. జూనియర్ నర్సు ఫారం పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది. "అక్కా, బోర్డు మీద సున్నా పెట్టాలా?"

హెడ్ నర్సు తాతయ్య మోచేతికి మందు రాసింది. ఫారం సొరుగులో పెట్టింది. ఇంకో రెండు వారాలు ఓర్చుకుంటే కడ్డీ వస్తుంది కదా అని సర్దిచెప్పుకుంది. అయినా ఆరు నెలలు నిజం రాసిన చెయ్యి అది. ఆ పూట రెండుసార్లు సొరుగు తెరిచి ఫారం చూసింది. తర్వాత అలవాటైంది. సొరుగులో పదకొండు ఫారాలు పోగయ్యాయి.

ముప్ఫయ్యో రోజుకి గీత నేలకి ఆనింది. ఆవిడ పరుగున వెళ్లింది.

"సార్, కడ్డీ!"

సూపరింటెండెంటుగారు నిజంగానే తెల్లబోయారు. "ఎవరూ పడని చోట కడ్డీ ఎందుకమ్మా? నీ గ్రాఫే చెప్తోందిగా!"

"పడుతున్నారు సార్. మేమే రాయట్లేదు."

"నాతో అంటే అన్నావు, ఇంకెక్కడా అనకు. మనకి అవార్డు వచ్చేలా ఉంది."

చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని తిట్టాలో ఆవిడకి తెలియలేదు.

తల్లి ఆపరేషన్ తారీఖు మాత్రం ఎవరి గీత కోసమూ ఆగలేదు. "బెల్లు కొట్టమ్మా, ఒక్కదానివే లేవకు" అని పదిసార్లు చెప్పింది హెడ్ నర్సు. మూడో రోజు పొద్దున, కూతురు డ్యూటీకి వచ్చేలోపు, బెల్లు కొట్టి కొట్టి విసిగి తల్లి ఒక్కతే లేచింది. తుంటి ఎముక విరిగింది.

"గోడ పట్టుకుందామనే చూశానే," అంది తల్లి. "చేతికేం దొరకలేదు."

హెడ్ నర్సు ఏడుస్తూనే నాలుగు పేజీలూ నింపింది. సొరుగులోని పదకొండూ తీసి దానికి జతచేసింది. తన ఉద్యోగం పోయినా సరే, ఈసారి కడ్డీ పడాల్సిందే అనుకుంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. సూపరింటెండెంటుగారు పదకొండు ఫారాలూ పక్కకి నెట్టేశారు. "పాత తారీఖులవి చెల్లవు. చెల్లే లెక్క ప్రకారం బోర్డు పెట్టిన ఈ నలభై రోజుల్లో పడింది ఒక్కరు. ఆ ఒక్కరూ హెడ్ నర్సు తల్లి. అంటే పడ్డవాళ్లలో నూటికి నూరుమందీ సిబ్బంది బంధువులే! డేటా ఇంత స్పష్టంగా చెప్తుంటే చర్య తీసుకోకుండా ఎలా ఉంటాం?"

అందరూ తలలూపారు. సిబ్బంది బంధువులను ఇకమీదట నాలుగో వార్డులో ఉంచకూడదని అప్పటికప్పుడే ఆర్డరు రాశారు. తల్లి స్ట్రెచర్‌ను మూడో వార్డుకి తోసుకెళ్లింది హెడ్ నర్సే.

మర్నాడు నాలుగో వార్డులో సిబ్బంది బంధువులెవరూ పడలేదు.