ఇటలీ కుర్చీలకు క్యూరింగు

ఆ ఆదివారం ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఆడపడుచునూ ఆమె భర్తనూ కొత్త కుర్చీల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టాలి, అంతే. నిజానికి ఆ కుర్చీలు కొత్తవి కావు. ఇటలీలో ఎవరింట్లోనో ఒక జీవితకాలం గడిపి, పాతసామాన్ల దుకాణం మీదుగా ఈ ఇంటికి చేరినవి. సన్నని కర్ర కాళ్లు, నిచ్చెనమెట్ల వంటి వీపు, ఏటిగడ్డిని తాడుగా మెలిపెట్టి అల్లిన సీటు. ఆ అల్లికలో నాలుగు త్రిభుజాలు నాలుగు అంచుల నుంచి బయలుదేరి సరిగ్గా నడిమధ్యన కలుసుకుంటాయి. కళాశాలలో జ్యామితి బోధించి పదవీ విరమణ చేసిన ఇల్లాలు, దుకాణంలో ఆ కలిసే చోటును వేలితో తాకి, "ఇవే" అంది. తక్కిన కుర్చీల వైపు మళ్లీ చూడలేదు.

అంతకుముందు ఆ ఇంట్లో ఆమె ఎంచుకున్న వస్తువు ఒక్కటీ లేదు. భర్త వంతెనలు కట్టిన ఇంజినీరు. ఏ వస్తువునైనా అది మోయగల బరువును బట్టి ఎంచుకునేవాడు. ఆ ఇంటి కిటికీ ఊచలు ఏనుగును ఆపగలవు. వంటింటి గట్టు మీద లారీ నిలపవచ్చు. భోజనాల బల్ల చుట్టూ ఇన్నేళ్లుగా ఉన్నవి, వాళ్లు ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయన అక్క పంపిన ఆరు నల్లకర్ర కుర్చీలు. ఒక్కోదాన్ని జరపడానికి ఇద్దరు కావాలి. వాటి కాళ్ల కింద పడి కాలివేళ్లు చితకని మనిషి ఆ ఇంట్లో లేడు. అయినా "అక్కయ్య ఎంతో మోజుపడి ఇచ్చింది" అనే ఒక్క వాక్యం వాటిని కాపాడుతూ వచ్చింది. ఆమె ఎప్పుడు నోరు విప్పినా ఆ వాక్యం అడ్డుపడేది.

చివరకు నల్లకుర్చీలను మేడమీది గదికి ఎక్కించడానికి ఇంజినీరు ఒప్పుకున్నది ఒక షరతు మీద. సోమవారంలోగా అయితే కుర్చీలు వాపసు తీసుకుంటానని దుకాణదారు అన్నాడు. ఆదివారం అక్కయ్య వాటిలో కూర్చుని, లేచి, ఏ వంకా పెట్టకపోతే అవి ఉంటాయి. వంక పెడితే అవి దుకాణానికి, నల్లవి కిందికి.

"న్యాయంగానే ఉంది కదా," అన్నాడు ఇంజినీరు.

"నా ఇంట్లో నా కుర్చీల మీద మీ అక్కయ్య తీర్పు. చాలా న్యాయం," అంది ఆమె.

దుకాణదారు మరొక మాట కూడా చెప్పాడు. "పాతగడ్డి కదమ్మా, ఎండిపోయి కిర్రుకిర్రుమంటుంది. అడుగువైపు తడిగుడ్డతో ఓసారి తుడిచి ఆరనివ్వండి. బిగుసుకుంటుంది." ఈ మాట ఇల్లాలూ, ఇంజినీరూ, వాళ్లతో వెళ్లిన కోడలూ పక్కపక్కనే నిలబడి విన్నారు. అయితే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తాము తప్ప మిగిలినవాళ్లంతా పరధ్యానంగా ఉంటారని ఎవరికి వారు గట్టిగా నమ్ముతారు. అందువల్ల చేయవలసిన పని ఉంటే ఒకరికొకరు చెప్పుకోరు, చేసేస్తారు. ఉప్పు మూడుసార్లు పడిన కూర ఆ ఇంటికి కొత్త కాదు.

ఇల్లాలు తెల్లవారగానే ఆరు కుర్చీల అడుగులనూ తడిగుడ్డతో తుడిచి స్నానానికి వెళ్లింది. తరువాత కోడలు వచ్చి పైన తాకి చూసింది. పొడిగా ఉంది. అత్తగారు మరిచిపోయిందని నిశ్చయించుకుని, చెప్పకుండానే పని చేసిన కోడలిగా మంచి పేరు కొట్టేద్దామని, స్పాంజితో పైనా కిందా తడిపి వంటింట్లోకి వెళ్లింది. ఆ తరువాత ఇంజినీరు వచ్చాడు.

తడిగుడ్డ అన్న మాటే ఆయనకు వృత్తిపరమైన అవమానంగా తోచింది. కాంక్రీటు పోశాక దానికి రోజుల తరబడి నీళ్లు పట్టించి, తడి గోనెపట్టాలు కప్పి బిగిసేలా చేయడాన్ని వాళ్ల వృత్తిలో క్యూరింగు అంటారు. ఆయన కట్టిన వంతెన ఏదీ తడిగుడ్డతో నిలబడలేదు. ఏ వస్తువునూ పారేయని మనిషి గనుక షెడ్డులో గోనెలున్నాయి. వాటిని నానబెట్టి ఒక్కో సీటు మీద ఒక్కోటి పరిచాడు. భారం ఎక్కువ పడే చోట నీరు ఎక్కువ పట్టించాలి గనుక, అక్కయ్య నిమిత్తం ఒక కుర్చీని ఎంచి దానికి రెండు గోనెలు కప్పి, పైన ఒక చెంబుడు నీళ్లు కూడా పోశాడు. తరువాత పేపరు చదువుకోవడానికి వెళ్లాడు.

పళ్లేలు సర్దడానికి వచ్చిన ఇల్లాలు గోనెల ముందు నిలబడిపోయింది.

"ఏవండీ, ఇదేమిటి?"

"క్యూరింగు."

"ఇవి కుర్చీలండీ. ఆనకట్టలు కావు."

"బిగుసుకోవాలంటే నీళ్లు తాగాలి. తడిగుడ్డతో తుడిస్తే మొహం కడిగినట్టుంటుంది గానీ దాహం తీరుతుందా?"

"నేను పొద్దున్నే తుడిచాను."

వంటింటి గుమ్మంలో కోడలు ఆగిపోయింది. "మీరు తుడిచారా అత్తయ్యా? నేనూ తుడిచానే."

"నువ్వెందుకు తుడిచావమ్మా?"

"మీరు వినలేదేమో అనుకున్నా."

"నేను వినలేదా? వెనకబెంచీ గుసగుసలు విని విని పదునెక్కిన చెవులివి. విననిది మీ మామగారు."

"నేను వినకపోతే ఇంత పని ఎవరు చేశారు?" అన్నాడు ఇంజినీరు, కాస్త గర్వంగానే.

గోనెలు తీశారు. బొటనవేలితో నొక్కితే సీట్ల నుంచి టీ రంగు నీరు ఊరింది. కోడలు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి పని మొదలుపెట్టింది. "అంత తొందరగా ఆరబెడితే పగుళ్లొస్తాయి," అని ఇంజినీరు హెచ్చరించాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు. పైపొర పొడిబారింది. లోపలి తడి లోపలే ఉండిపోయింది.

"దిండ్లు వేద్దామా అత్తయ్యా?"

"దిండ్లు వేస్తే అల్లిక కనిపించదు. అల్లికే కనిపించనప్పుడు ఇవెందుకు, నూనె డబ్బాలు బోర్లించుకున్నా చాలు."

"పోనీ నిలబడి తిందాం. మా ఆఫీసు పార్టీల్లో అలాగే తింటాం."

"ఆవిడ్ని నిలబెడతావా? మనందర్నీ వరసగా నిలబెట్టి కడిగేస్తుంది."

"నల్లవి దింపనా?" అని ఇంజినీరు ఆశగా అడిగాడు.

"దింపండి. ఒక్కరే దింపండి, చూస్తాను."

అంతలో వీధిలో కారు ఆగింది. మేనత్తనూ ఆమె భర్తనూ తీసుకురావడానికి వెళ్లిన కొడుకు వచ్చేశాడు. ఆడపడుచు ఎక్కడికైనా చెప్పిన వేళకు ముందే వస్తుంది. ఇంటివాళ్లు సర్దుకోకముందే వాళ్ల అసలు రూపం చూడాలన్నది ఆవిడ సిద్ధాంతం. ఇల్లాలు గబగబా ఆరు సీట్లనూ అరచేత్తో నొక్కి, అన్నింటిలోకీ పొడిగా ఉన్నదాన్ని ఫ్యాను కింద వేసి గుమ్మం వైపు నడిచింది. తాను ప్రత్యేకంగా బలపరిచిన కుర్చీ అక్కయ్య స్థానంలో లేదని ఇంజినీరు గమనించాడు. తన పద్ధతి ప్రకారం, ఎవరికీ చెప్పకుండా, రెంటినీ మార్చేశాడు.

ఆడపడుచు లేతరంగు పట్టుబట్టల్లో వచ్చి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఇవేనా అమ్మాయ్? కొంగకాళ్లలా ఉన్నాయి. ఆగుతాయా?"

"కూర్చుని మీరే చెప్పండి వదినా."

ఆవిడ కూర్చుంది. కుర్చీ కిర్రుమనలేదు. కిర్రుమనాలంటే ముందు ఎండి ఉండాలి కదా. "మా పక్కింటివాళ్లు కూడా ఇలాగే మొన్న..." అని మొదలుపెట్టిన ఆవిడ మాట అక్కడే ఆగింది. కనుబొమలు నెమ్మదిగా పైకి లేచాయి. ఆవిడ భర్త కూర్చున్నాడు. ఆయన ముఖంలోనూ ఏదో ఆలోచన మొదలైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా పళ్లేల వైపు చూశారు.

వాళ్ల మౌనానికి కారణం స్పష్టం. తడి సంగతి బయటపెట్టాలంటే లేవాలి. లేస్తే అందరూ చూస్తారు. చూశాక, ఆ తడి కుర్చీ వల్ల వచ్చిందే గాని తమ వల్ల కాదని నిరూపించడం ఆ వయసులో ఎవరికీ సులభం కాదు.

"అమ్మా, ఈ కుర్చీ..." అన్నాడు కొడుకు.

"మాట్లాడకుండా తిను నాన్నా," అంది తల్లి.

భోజనం ముగిసింది. ఎవరూ లేవలేదు. పళ్లేలు ఎండిపోయాయి. ఇంటివాళ్లు తమ వెనుక ఏముందో తెలిసి లేవలేదు. అతిథులు తెలియక లేవలేదు. మర్యాద కోసం ఇల్లాలు, "సోఫాలో కూర్చుందామా వదినా?" అంది.

"ఎందుకే? ఇక్కడే హాయిగా ఉంది."

హాయి అన్న ఆ మాటను ఇల్లాలు మనసులోనే రెండుసార్లు చదువుకుంది. గెలుపు గుమ్మం దాకా వచ్చినట్టే. బంధువుల ఆరోగ్యాలు అయ్యాయి. మోకాళ్ల నొప్పులు అయ్యాయి. ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చింది. మాటలన్నీ అయిపోయిన తరువాత ఇంజినీరు, న్యాయం జరగాలన్న పట్టుదలతో, అడగకూడని ప్రశ్న అడిగాడు.

"నిజం చెప్పక్కయ్యా. నువ్విచ్చిన నల్లకుర్చీల ముందు ఇవి ఒక లెక్కా?"

"ఏ నల్లకుర్చీలురా? ఓహో, అవా. మా అత్తగారివి. రోజూ అవి జరపలేక నా నడుం పడిపోయింది. మీరు ఇల్లు కట్టుకున్నారని తెలియగానే లారీ ఎక్కించేశాను."

"ఎంతో మోజుపడి ఇచ్చావు కదా."

"మోజు కాదురా, మొక్కు. అవి నన్ను వదిలితే చాలని మొక్కుకున్నా. ఇంకా ఉంచుకున్నారా వాటిని? అమ్మాయ్, నీ ఓపికకు దణ్ణం పెట్టాలి."

ఇన్నేళ్లు. చితికిన అన్ని కాలివేళ్లు. దిగమింగుకున్న అన్ని మాటలు. ఇల్లాలికి కుర్చీ తడి అన్న సంగతే గుర్తులేదు. దిగ్గున లేచి, భర్త వైపు తిరిగి, తరగతిలో తప్పుడు రుజువు రాసినవాడిని చూపినట్టు వేలు చూపింది. "మీరు ఒక్కసారి, ఒక్కసారైనా ఆవిడ్ని అడిగి ఉంటే..."

"అమ్మాయ్," అంది వెనుక నుంచి ఆడపడుచు. "కదలకు. అలాగే నిలబడు."

ఇల్లాలి బట్టల మీద నాలుగు గోధుమరంగు త్రిభుజాలు, నడిమధ్యన కలుసుకుంటూ, అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి.

"నీదీ తడిసిందా?" అంది ఆడపడుచు, ప్రాణం లేచివచ్చిన గొంతుతో.

"అయితే నేను కాదన్నమాట," అన్నాడు ఆవిడ భర్త. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం అదే.

అందరూ లేచారు. అందరికీ నాలుగేసి త్రిభుజాలు. తప్పెవరిదో తేల్చడానికి కుర్చీలు తడిపిన ముగ్గురూ ఒకేసారి మాట్లాడసాగారు. ఆడపడుచు అవేవీ వినడం లేదు. వంగి తన కుర్చీనే చూస్తోంది. మిగిలిన అయిదింటి అల్లిక బిగిసి చదునుగానే ఉంది. రెండు గోనెల నీరు తాగిన ఈ ఒక్కటి మాత్రం, ఆవిడ భారం కింద నిదానంగా ఆరుతూ, ఆవిడ ఆకారాన్ని పూర్తిగా సంతరించుకుంది. త్రిభుజాలు కలుసుకునే బిందువు జ్యామితి ఒప్పుకోనంత లోతుకు దిగిపోయింది. ఆవిడ మళ్లీ కూర్చుంది. అటూ ఇటూ కదిలి చూసింది. కదలడానికి చోటు లేదు.

"ఒరేయ్, ఇంతవరకు నా ఒంటికి సరిపోయిన కుర్చీ ఒక్కటి దొరకలేదు. దీన్ని ఎవరూ ముట్టుకోకండి. వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను."

తీర్పు వచ్చింది. ఇటలీ కుర్చీలు నిలిచాయి. సోమవారం ఇల్లాలు ఆ ఒక్కదాన్ని మార్పించుకోవడానికి దుకాణానికి తీసుకువెళ్లింది. దుకాణదారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇందులో ఎవరో ఉన్నారమ్మా, నేను తీసుకోలేను," అన్నాడు. ఆడపడుచు కుర్చీలను వదిలించుకోవడానికి ఆమె ఎంచుకున్న వాటి నడుమ ఇప్పుడు ఆడపడుచే శాశ్వతంగా వెలసింది. అందులో వేరెవరు కూర్చున్నా ఒక పక్కకు జారిపోతారు. ప్రతి ఆదివారం ఆవిడ వేళకు ముందే వస్తుంది.

మిగిలిన అయిదింటికీ క్యూరింగు చాలలేదని ఇంజినీరు అభిప్రాయం.