కుంగిన బ్రిడ్జి

ఆ శుక్రవారం పొద్దున వసంతమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. సంగటి కెలికిపెట్టి, మదనపల్లె బస్టాండుకు పోయి, కుప్పం బస్సు కండక్టరు చెవిలో ఒక మాట వేసి, ఎండెక్కకముందే ఇల్లు చేరాలి. డెబ్బైల చివర అది. ఫోను పోస్టాఫీసులోనే ఉండేది, కబుర్లకు కండక్టర్లే దిక్కు.

ఆ మాట ఆమె గిటారు గురించి. మిషను ఆసుపత్రి దొరసాని దేశం విడిచిపోతూ, తన దగ్గర వాయించడం నేర్చుకున్న వసంతమ్మకు ఇచ్చిపోయిన పాత రెజొనేటర్ గిటారది. ఒళ్లంతా లోహం, పైన చిల్లుల మూత. పొట్టలో పల్చటి అల్యూమినియం పళ్ళెం, దాని నడినెత్తిన చిన్న చెక్కముక్క, దానిమీదుగా తీగలు. చెక్కముక్కను దొరసాని బ్రిడ్జి అనేది కాబట్టి వసంతమ్మా బ్రిడ్జే అనేది. ఆ మధ్య పళ్ళెం సొట్టపోయి బ్రిడ్జి కుంగింది. అప్పటినుంచీ తీగ మీటితే పిల్లి గురక పెట్టినట్టుంటుంది.

భర్త సిద్దప్ప రోడ్ల ఆఫీసులో గుమాస్తా. "ఆదివారం పాతసామాన్లోడు వస్తాడు. దీన్నిచ్చి స్టీలు బిందె తీసుకుందాం. బిందె అయితే నీళ్లన్నా పట్టుకోవచ్చు" అనేశాడు.

"ఆదివారం లోపల ఇది పలక్కపోతే నేనే ఎత్తి వాడి బండిలో ఏస్తా. పలికిందనుకో, మళ్లీ బిందె మాటెత్తగూడదు" అంది వసంతమ్మ.

పలికించేవాడి కోసం ఆమె తిరగని చోటు లేదు. మదనపల్లెలో గిన్నెలకు కళాయి పూసే ఆయన మూతమీది చిల్లులు చూసి, "జల్లెడ బలే బరువుండాదే" అన్నాడు. పుంగనూరులో హార్మోనియంలు బాగుచేసే మునిరత్నం చెవి ఆనించి విని, "నా వల్ల కాదమ్మా. కుప్పంలో అమానుల్లా ఉండాడు. కోలారు గనుల దొరల గిటార్లన్నీ ఆయనే సూసేటోడు" అని ఆయనకు కబురు పంపాడు. ఏం చెడిందో చెప్తే దానికి తగిన సామానుతో వస్తానని అమానుల్లా జవాబు.

వసంతమ్మ చేరేసరికి బస్సు కదులుతోంది. కిటికీ పక్కన పరుగెత్తుతూ అరిచింది. "గోవిందరాజులన్నా! కుప్పంలో అమానుల్లాకు చెప్పు! బ్రిడ్జి కుంగింది, రేపే రావాలంట!"

"యా బ్రిడ్జి మా?"

"ఆయనకు తెలుసులే! నువ్వు మాత్రం మరిచిపోవద్దు!"

గోవిందరాజులు మరిచిపోయే మనిషి కాదు. అదే వచ్చింది చిక్కు. పుంగనూరు దారిలో ఏటి వంతెన దాటేటప్పుడు మాట గుర్తొచ్చి, కుంగిన బ్రిడ్జి ఇదేననుకున్నాడు. రోడ్ల ఆఫీసు గుమాస్తా పెళ్లాం ఊరికే చెప్తుందా? ముందు సీటాయనకు చెప్పాడు. పుంగనూరు చేరేసరికి బస్సు బస్సంతా చచ్చి బతికింది. ఒక అవ్వ దిగీదిగగానే కొబ్బరికాయ కొట్టింది. బస్టాండులో మదనపల్లె బస్సులన్నీ ఆపేశారు. మధ్యాహ్నానికి వంతెన బీటలు వారింది, సాయంత్రానికి సగం కూలింది, పుకారు పలమనేరు చేరేసరికి టమాటా లారీ ఒకటి ఏట్లో పడింది. కుప్పంలో అమానుల్లాకు మాత్రం మాట పొల్లుపోకుండా అందింది.

చిత్తూరునుంచి ఇంజనీరు దిగాడు. వంతెన కింద దూరి చూశాడు, పైన గెంతి చూశాడు. లోపం లేదు. "లోపముంటే బాగుచేయించి బస్సులు వదలొచ్చు. లేని లోపాన్ని ఏమని బాగుచేసేది?" అని తల పట్టుకున్నాడు.

శనివారం పొద్దున సిద్దప్ప మహా హుషారుగా ఉన్నాడు. "పుంగనూరు దారిలో బ్రిడ్జి కుంగిందంట. బస్సుల్లేవు. నీ సాయిబు రాడు. బిందె ఎంతది కావాల్నో చెప్పు."

"బస్సు రాకపోతే మనిషి నడిచి రాలేడా? ఆయన అవతలికి వచ్చుంటే నేనే దాటిపోతా" అని వసంతమ్మ గిటారుకు దుప్పటి చుట్టి, చంకనెత్తుకుని జట్కా ఎక్కింది. ఆఫీసుకు చెడ్డపేరు వస్తుందని సిద్దప్పా వెనకే ఎక్కాడు.

వంతెనకు రెండువైపులా బస్సులు, టమాటా గంపలు, జనం. అవతలి గట్టున చేతిసంచీ ఆయనొకడు పోలీసుతో తగాదా పడుతున్నాడు.

"నన్నాపుతావేందప్పా? బ్రిడ్జి బాగుచేసేదానికే వస్తాండాను. కుప్పంనుంచి పిలిపించినారు నన్ను!"

పోలీసు సెల్యూటు కొట్టి దారిచ్చాడు. ఇంజనీరు ఎదురు పరుగెత్తాడు. "రండి రండి! సామాను లారీలో వస్తోందా?"

"లారీ యాలప్పా?" అమానుల్లా జేబులోంచి వేలెడంత చెక్కముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "కొత్త బ్రిడ్జి. నేనే చెక్కినా. నూరేండ్లు కదల్దు."

ఇంజనీరు చెక్కముక్కను చూశాడు. ఏటిని చూశాడు. మళ్లీ చెక్కముక్కను చూశాడు.

ఇవతలి గట్టునుంచి కేక వినిపించింది. "అమానుల్లా బాయ్! వసంతమ్మను! బ్రిడ్జి ఆడ లేదు, ఈడుండాది, నా చంకలో!"

ఆగిపోయిన బస్సుల పక్కన నిలబడ్డ గోవిందరాజులు టికెట్ల సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సిద్దప్ప ఒక గంప చాటుకు నక్కాడు.

"కబురు పంపింది మీరేనా అమ్మా?" ఇంజనీరు చెక్కముక్క ఎత్తిపట్టుకుని ఇవతలికి వచ్చాడు.

"నేనే. బ్రిడ్జి కుంగిందనే చెప్పినా సార్. ఏటిమీదిదని చెప్పినానా?"

అమానుల్లా వంతెన పిట్టగోడమీదే పని మొదలెట్టాడు. "గాలాడనీండప్పా!" అని జనాన్ని కసిరాడు. చిల్లుల మూత విప్పి, మరలు పోకుండా ఇంజనీరు దోసిట్లో పోశాడు. సొట్టపళ్ళెం తీసి కొత్తది దించాడు, బ్రిడ్జి బిగించాడు, తీగల ఎత్తు చూసి, ఒకటికి రెండుసార్లు సరిచేశాడు. వసంతమ్మ గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగమీద ఉక్కుకడ్డీ జరిపింది. ఆ నాదం వంతెన కింద దూరి, అవతల తేలి, ఏటి మలుపుదాకా పోయింది. బస్సు డ్రైవర్లు సైతం బీడీలు ఆర్పారు.

సిద్దప్ప గంప చాటునుంచి మెల్లగా లేచాడు. "ఇన్నాళ్లూ గురక పెట్టింది ఇదేనా?"

"బిందె ఎంతది కావాల్నో చెప్పమంటివి కదయ్యా?"

"ఎండాకాలానికి మట్టికుండే మేల్లే" అన్నాడు సిద్దప్ప.

ఇంజనీరుకు అప్పుడు దారి దొరికింది. జీపు ఎక్కి నిలబడి, "బ్రిడ్జి రిపేరు పూర్తయింది! బస్సులు పోవచ్చు!" అని ప్రకటించాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత రెండు ఊళ్ల పెద్దలు రోడ్ల ఆఫీసుకు వచ్చి, తమ ఊరి వంతెనలకూ కుప్పం మేస్త్రీనే పంపాలని, ఇంజనీర్లయితే తమకొద్దని పట్టుబట్టి కూర్చున్నారు.