సెమూ పొదుపు గొర్రు

తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే సెమూ సేన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుర్రానికి గొర్రు కట్టి, ఎండెక్కేలోగా పెళ్ళాం డిబోర్ చేలో వేరుశనగ విత్తేసి, కొట్టు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ నలుగురికీ నాలుగు మాటలు చెప్పడం. పట్నంలో ‘రకరకాల నేలల్లో గొర్రు వాడకం’ మీద శిక్షణ పొందొచ్చిన దగ్గర్నుంచీ అతను చెప్పడమే గానీ వినడం మానేశాడు. పొడి నేలలో ఎంత లోతు విత్తాలో, తడి నేలలో కర్రుకంటిన మట్టిని ఎలా గీకాలో కంఠతా వచ్చు. పంటను బట్టి గొర్రులో గింజలు రాలే చిల్లుల పళ్ళెం మార్చాలని చెప్పిన పూట మాత్రం పక్క గదిలో చేపల అన్నం వడ్డిస్తున్నారు. సెమూ అక్కడ ముందు వరసలో ఉన్నాడు.

వానకి ముందు పొడి దుక్కిలో సజ్జలు విత్తింది ఈ గొర్రుతోనే. సజ్జల పళ్ళెం సన్నటి చిల్లులతో ఇంకా గొర్రు మీది గింజల డబ్బా అడుగునే ఉంది. దాని మీదే డిబోర్ తన వేరుశనగ పప్పు పోసింది. ఆ విత్తనం ఆమె ప్రాణం. తిండి కరువైన నెలల్లో పిల్లలు ఏడ్చినా ఆమె అది దాచిన డ్రమ్ము మూత తీయలేదు. అది పోతే ఏడాదంతా తనకంటూ ఏమీ మిగలదు. జాగ్రత్త అని ఒక్క మాటంటే, శిక్షణ పొందినవాడికి జాగ్రత్తలు చెప్పకూడదన్నాడు సెమూ.

గొర్రు వెనకాలే కొట్టు యజమాని యేరో నడిచాడు. అతను తుకులోర్, సెమూ సెరేర్. ఈ రెండు జాతులదీ తాతల నాటి పరాచికాల వరస. ఒకరినొకరు బానిసా అని పిలుచుకోవచ్చు, కంచంలో ముద్ద లాక్కోవచ్చు. కోప్పడితే తప్పు, నమ్మితే ఇంకా పెద్ద తప్పు. ఆ హక్కుతోనే యేరో చాళ్ళలో పడిన పప్పులు ఏరుకు తినడానికొచ్చి, కాసేపు కోడిలా గీకాడు.

"ఒరేయ్ నా బానిసా, దొంగతనానికొచ్చినవాడికి ఒక్క గింజన్నా దొరకద్దట్రా? నువ్వు గాలి విత్తుతున్నావు."

"మా గుర్రానికి గడ్డి కోసిన వంశం మీది. గొర్రు సంగతి నీకెందుకు?"

"నిజంగా చెప్తున్నాన్రా. ఆ పళ్ళెం చూసుకో."

"తుకులోర్ నిజం చెప్పిన రోజు నా గుర్రం కొట్టు పెట్టుకుంటుంది."

చుట్టుపక్కల చేలవాళ్ళు పగలబడి నవ్వారు. యేరో నిజం చెప్తున్నానన్న కొద్దీ ఇంకా నవ్వారు.

చేను పూర్తయ్యాక చూస్తే డబ్బాలో పోసింది పోసినట్టే ఉంది. మామూలు మనిషైతే కంగారుపడేవాడు. సెమూ శిక్షణ పొందినవాడు కదా, తెలిసిన చేతిలో గొర్రు గింజలు వృథా చేయదని ప్రకటించాడు. విత్తనం ఆదా అనగానే జనం ఎగబడ్డారు. ఊరి పెద్ద తన చేనే ముందన్నాడు. రెండో వాన రాకముందే సగం ఊరి చేలు సెమూ చేతి మీదుగా గీతలు పడ్డాయి, బస్తాలు బస్తాలుగానే ఇళ్ళకు చేరాయి.

మిగతా సగం ఊరు పచ్చగా మొలిచింది. సెమూ విత్తిన చేలలో గడ్డి మాత్రం బాగా వచ్చింది. డిబోర్ వేళ్ళతో చాళ్ళన్నీ తవ్వి చూసి, ఇంటికొచ్చి నీళ్ళకుండ కింద ఎత్తుకి పెట్టిన పెద్ద చిల్లుల పళ్ళేన్ని లాగి మొగుడి ముందు పడేసింది.

"వేరుశనగ పళ్ళెం ఇది. ఇక్కడ పెట్టింది నువ్వే."

ఊరి పెద్ద పంచాయితీ పెడతానన్నాడు. సెమూ అక్కగారి ఊరికి ఉడాయిద్దామని మూట కూడా కట్టాడు. ఈలోగా వాన మొహం చాటేసింది. ఎంతకీ రాలేదు. పచ్చగా మొలిచిన చేలన్నీ మాడిపోయాయి. సెమూని కొట్టడానికి బయల్దేరినవాళ్ళకి దారిలో తట్టింది, ఊళ్ళో విత్తనం మిగిలింది తమ ఇళ్ళలోనేనని.

"బెట్ట వస్తుందని నీకు ముందే తెలుసన్నమాట," అన్నాడు ఊరి పెద్ద, సెమూ భుజం మీద చెయ్యేసి.

సెమూ కట్టిన మూటని కాలితో మెల్లగా వెనక్కి తోశాడు. "శిక్షణలో చెప్పార్లెండి," అన్నాడు వినయంగా.

మళ్ళీ వాన పడ్డప్పుడు డిబోర్ తానే పళ్ళెం మార్చుకుని తన చేను విత్తుకుంది, మొగుణ్ణి గొర్రు ఛాయలకి రానివ్వలేదు. అతనికి తీరిక కూడా లేదు, పక్క ఊళ్ళవాళ్ళకి శిక్షణ ఇస్తున్నాడు. యేరో ప్రతి సభలోనూ లేచి, వీడు పళ్ళెం మార్చడం మరిచిపోయాడంతే అని తల్లి మీద ఒట్టేసి మరీ చెప్పాడు. అంత నవ్వించగలవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడని అందరూ ఒప్పుకున్నారు.