కడుపు నిండిన చేపలు

ఆ పొద్దున గాలాల దుకాణదారు దగ్గర ఉన్న సరుకు ఇంతే: గోడ నిండా గాలాలు, గోదాములో మూడు బస్తాల మేత గుళికలు, గుండెలో గుబులు. సరదాగా చేపలు పట్టేవాళ్ల కోసం, పెంపకపు తొట్టెల్లో ఎదిగిన చేపలను రేవు పక్క సముద్రంలో వదిలించింది ఆయనే. అవి అక్కడి పిల్లచేపలను మింగేస్తున్నాయేమో చూడటానికి ఆ రోజు పరిశీలకురాలు వస్తోంది. పొట్టలు కోసి చూస్తుంది. పిల్లచేప కనబడిందా, చేపలు వదలడం ఆగిపోతుంది. ఆ వెనకే దుకాణానికి తాళం పడుతుంది.

పొట్టలో గుళికలు తప్ప ఇంకేమీ ఉండకూడదని తెల్లవారగానే ఆయన ఒక బస్తా నీళ్లలో కుమ్మరించాడు. బావ మరిచిపోయి ఉంటాడని బావమరిది ఇంకో బస్తా వేశాడు. వీళ్లిద్దరినీ నమ్ముకుంటే అయినట్టేనని ఆయన భార్య మూడోది వేసింది.

పరిశీలకురాలు వచ్చి రేవు చివర కుర్చీ వేసుకుంది. "గాలంతోనే పట్టండి. జనానికి ఎలాంటివి దొరుకుతాయో అవే చూస్తాను."

దుకాణదారు మేలిరకం గాలం వేశాడు. నీటి అడుగున చేపలు దగ్గరికి వచ్చాయి. ఎరను చూశాయి. విందులో నాలుగోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టినవాళ్లలా పక్కకు తప్పుకున్నాయి. ఎండ నడినెత్తికెక్కింది.

"ఇందులో అసలు చేపలున్నాయాండీ?" అందావిడ.

"ఏదో ఒకటి చెయ్యరా!" అని దుకాణదారు బావమరిది చెవిలో పళ్లు నూరాడు. అతడు బజారుకు పరుగెత్తి అదే జాతి చేపను కొన్నాడు. రేవు మెట్ల కింద నక్కి దాన్ని గాలానికి తగిలించాడు; దుకాణదారు పైకి లాగాడు.

ఆవిడ కత్తి తీసింది గానీ దానికి పని లేకపోయింది. పొట్ట ముందే కోసి ఉంది.

"దీని పేగులేవి?"

"అదే మేడమ్! మా చేపలు ఎవర్నీ తినవని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాం కదా!" అన్నాడు బావమరిది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా తమ్ముడూ," అని అక్క తల పట్టుకుంది. "మేడమ్, పొద్దున్నే మూడు బస్తాలు మేపేశాం. కదల్లేనివి గాలమేం కరుస్తాయి?"

పరిశీలకురాలు వెంటనే వల వేయించింది. పడ్డ ప్రతి చేప పొట్టలోనూ గుళికలే. నీళ్లలో మిగిలినవాటి మూతుల ముందే పిల్లచేపలు ఆడుకుంటున్నాయి.

"కడుపు నిండితే వేటాడవన్నమాట. సరే, ఉండనివ్వండి. కానీ రోజూ ఇలాగే మేపాలి. ఒక్క పూట మానినా అనుమతి రద్దు."

"రోజూ మేపితే గాలానికి ఎప్పుడు పడతాయండీ?" అన్నాడు దుకాణదారు.

"అది నా పరిశీలనలోకి రాదు."

నెల తిరిగేసరికి లెక్క తేలింది. గాలాలు అడిగేవాళ్లు లేరు. చేపలకు మేత వేసే సరదాకి మాత్రం జనం పిల్లాజెల్లాతో దిగుతున్నారు; గుళికల పొట్లాలు కట్టలేక దుకాణదారు చేతులు పడిపోతున్నాయి. సముద్రానికి నష్టం లేదు, వ్యాపారానికీ నష్టం లేదు. పోయినవల్లా చేపల సన్నటి నడుములే.