రేపు నీళ్ళు రావు

ఆ ఆదివారం పిల్లల్ని జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్ళాలని వారం రోజుల ముందే అనుకున్నారు. ఏడింటికల్లా బయల్దేరాలి. ఆరున్నరకు వాన మొదలైంది. ఏడింటికి కిటికీలోంచి చూస్తే ఎదుటి భవనం కూడా కనిపించడం మానేసింది. ఏడుంపావుకి ఆసుపత్రి నుంచి ఫోను. ఇంటావిడ అక్కడ నర్సు.

"ఇవాళ డ్యూటీ అమ్మాయి ఇంటి ముందు మోకాల్లోతు నీళ్ళట. నేను వెళ్ళక తప్పదండీ," అంటూ ఆమె గొడుగు దులిపింది. "టీవీ వద్దు, ఫోను వద్దు, నిద్ర వద్దు. మొదటి రెండూ పిల్లలకి. మూడోది మీకు."

ఇంటాయన నీటి సరఫరా కార్యాలయంలో సూపరింటెండెంటు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన పని నోటీసులు రాయడం. 'ఇందుమూలముగా వినియోగదారులందరికీ తెలియజేయడమేమనగా' అని మొదలుపెడితే, నీళ్ళు వస్తాయో రావో తేలేసరికి తొమ్మిది లైన్లు పట్టేది. అంతదాకా చదివిన మనిషి ఇంతవరకూ ఆయనకు తారసపడలేదు. నీళ్ళు ఆగిపోయిన ప్రతిసారీ జనం కార్యాలయానికొచ్చి, ఆయన నోటీసు అంటించిన గోడకే ఆనుకుని నిలబడి, "ముందు ఒక్కమాట చెప్పొచ్చుగా!" అని అరిచేవారు. ఆ మాట ఆయన్ని లోలోపల కొంచెం బాధపెట్టేది.

పిల్లలిద్దరూ ఆడపిల్లలే. పదేళ్ళ పెద్దదాన్ని ఇంట్లో 'లాయరు' అనేవారు. ఏ విషయంలోనైనా ఎదుటివాళ్ళు అలిసిపోయేదాకా వాదించడం దానికి అలవాటు. ఆరేళ్ళ చిన్నదాని పేరు 'పిడుగు'. అలా ఎందుకన్నారో దాన్ని అయిదు నిమిషాలు చూసినవాళ్ళెవరూ అడగలేదు.

ముందు బొమ్మలు వేయించాడు. లాయరు వేసిన ఏనుగుకి పిడుగు మీసాలు పెట్టడంతో ఆ ఆట ఆరు నిమిషాల్లో ముగిసి, తగువు ఇరవై నిమిషాలు నడిచింది. దాగుడుమూతలు ఆడించాడు. రెండు గదుల ఇంట్లో దాక్కునే చోట్లు మొత్తం నాలుగు. నాలుగూ అందరికీ తెలుసు. కళ్ళకు గంతలు కట్టి ఆడించాడు. గాజు కూజా ఒకటి తగ్గింది. గడియారం చూస్తే తొమ్మిదింపావు. ఆయనకు నీరసం వచ్చింది.

నీరసంలోంచే ఒక ఉపాయం తట్టింది.

"ఆఫీసు ఆట ఆడదామా? నేను మేనేజర్ని. ఈ పడగ్గది నా గది. సంతకానికి తప్ప లోపలికి ఎవరూ రాకూడదు. ఎవరైనా వస్తే మేనేజరుగారు మీటింగులో ఉన్నారని చెప్పాలి."

"మేమేం పని చెయ్యాలి?" అంది లాయరు.

"నేనేం చేస్తాను? నోటీసులు రాస్తాను. మీరూ రాయండి."

ఇంట్లో చిత్తు రాసుకోవడానికి తెచ్చిన ఆఫీసు కాగితాలు కొన్ని ఉన్నాయి. మూల ఏదో సిరా మరక పడిందని పక్కన పడేసినవి. కార్యాలయం పేరూ, ముద్రా మాత్రం పైన నిక్షేపంగా ఉన్నాయి. వాటిని ఇచ్చాడు. ఆట అసలు ఆఫీసులా ఉండాలని సంచిలోంచి రబ్బరు స్టాంపు కూడా తీసి ఇచ్చాడు. ఆ తర్వాత మేనేజరుగారు గదిలోకి వెళ్ళి, తలుపు చేరవేసి, దుప్పటి కప్పుకున్నారు.

మొదటి కాగితం అయిదు నిమిషాల్లో వచ్చింది. తలా రెండు బిస్కెట్లు తినడానికి అనుమతి. చదివి సంతకం పెట్టాడు. రెండోది పిడుగు సెలవు చీటీ. సగం చదివి పెట్టాడు. మూడోది వచ్చేసరికి ఒక్క కన్నే తెరుచుకుంది.

"చదివి పెట్టు నాన్నా," అంది లాయరు.

"ఊ."

"చదివావా?"

"ఊ."

ఆ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'రేపు నీళ్ళు రావు. ఈరోజే పట్టుకోండి. బకెట్లు, గిన్నెలు అన్నీ నింపుకోండి. తర్వాత మమ్మల్ని అడగొద్దు.' కింద సూపరింటెండెంటుగారి సంతకం, దాని మీద రబ్బరు స్టాంపు. దానికి రెండు ప్రతులు.

వాటిని పంచే పని పిడుగుది. అది జిగురు డబ్బా పట్టుకుని వెళ్ళి ఒకటి లిఫ్టులో, ఇంకొకటి కింద నోటీసు బోర్డు మీద అంటించి వచ్చింది. దాని ఎత్తు మూడున్నర అడుగులు కాబట్టి నోటీసులూ అంత ఎత్తులోనే పడ్డాయి. వంగితే తప్ప కనపడవు. వంగినవాళ్ళు ఎలాగూ వంగాం కదా అని పూర్తిగా చదివారు.

ఆ భవనం సంఘానికి కార్యదర్శి టీచరమ్మ. ఉద్యోగం నుంచి విరమించి ఆరేళ్ళయినా లిఫ్టులో అందరినీ వరసగా నిలబెట్టే మనిషి. ఆవిడ నోటీసు రెండుసార్లు చదివింది. దస్తూరీ పిల్లల్లా ఉందేమిటా అనిపించింది గానీ, సంతకం నాలుగో అంతస్తు ఆయనది, స్టాంపు అసలుది. ఎందుకైనా మంచిదని పైకి వెళ్ళి గంట నొక్కింది. పిడుగు తలుపు తీసింది.

"నాన్నగారున్నారా అమ్మా?"

"మేనేజరుగారు మీటింగులో ఉన్నారు."

"ఆదివారం మీటింగా? ఎంతసేపట్నుంచి?"

"పొద్దున్నుంచీ. తలుపేసుకుని."

టీచరమ్మ మొహంలో రంగు మారింది. సెలవు రోజున, ఇంత వానలో, తలుపులు మూసుకుని మీటింగు పెట్టారంటే ఇది ఒక్కరోజుతో పోయేది కాదని ఆవిడకు అర్థమైంది. నోటీసు ఫొటో తీసి భవనం వాళ్ళ ఫోను గ్రూపులో పెట్టింది. కింద తన మాటగా 'రేపటితో ఆగకపోవచ్చు' అని చేర్చింది.

అయిదు నిమిషాల్లో నలభై ఇళ్ళలో కుళాయిలన్నీ ఒకేసారి విప్పారు. బకెట్లు నిండాయి. బకెట్ల తర్వాత గిన్నెలు, గిన్నెల తర్వాత పసిపిల్లల స్నానాల తొట్లు. రెండో అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు చేపల తొట్టిని కూడా అంచుదాకా నింపి, చేపలు బయటికి దూకుతాయేమోనని పక్కనే కాపలా కూర్చున్నాడు. పదకొండింటికి పైన ట్యాంకు ఖాళీ అయింది. మోటారు వేస్తే కింద తొట్టి కూడా ఖాళీ.

"రేపన్నారు, ఇవాళే పోయాయి! చూశారా, నోటీసులో తక్కువ చేసి చెప్పారు," అన్నారు జనం. ఆ మాట కూడా కలుపుకుని ఫొటో పక్క భవనానికి వెళ్ళింది. అక్కడి నుంచి పక్క వీధికి.

సరిగ్గా అప్పుడే మేనేజరుగారికి మెలకువ వచ్చింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. తన తెలివికి తనే ముచ్చటపడుతూ గడ్డం గీసుకుందామని మొహమంతా సబ్బు నురుగు పట్టించి కుళాయి తిప్పాడు. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. సంగతేమిటో కనుక్కుందామని నురుగు మొహంతోనే తలుపు తీశాడు.

వసారాలో ఇరవై మంది ఉన్నారు.

"అదుగో, వచ్చారు!" అంది టీచరమ్మ. "ఏం బాబూ, మీటింగులో ఏం తేల్చారు?"

"ఏ మీటింగండీ?"

"మా దగ్గర దాచకండి. ఎన్ని రోజులు రావు?"

"ఏవి?"

ఆవిడ ఫోను ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన తన జీవితంలో మొదటిసారి తన సంతకం ఉన్న నోటీసుని ఒక్క చూపులో పూర్తిగా చదివాడు. వెనక్కి తిరిగి, "లాయరూ!" అని కేక పెట్టాడు.

లాయరు చేతిలో పెన్నుతో వచ్చింది.

"ఇదేమిటే?"

"నోటీసు. నువ్వే రాయమన్నావు. నువ్వే సంతకం పెట్టావు. చదివావా అని కూడా అడిగాను."

"నేనేమన్నాను?"

"'ఊ' అన్నావు. రెండుసార్లు. పిడుగు సాక్షి."

"ఊ అన్నావు," అంది పిడుగు.

ఆయన జనం వైపు తిరిగాడు. "అయ్యా, ఇది పిల్లల ఆట. మా అమ్మాయి సరదాగా రాసింది. నేను నిద్రలో సంతకం పెట్టాను. నీళ్ళు ఆగడం లేదు, గీగడం లేదు. అందరూ హాయిగా ఇళ్ళకు వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. పళ్ళ డాక్టరు మెల్లగా అన్నాడు: "పైవాళ్ళు గట్టిగా చెప్పినట్టున్నారు పాపం."

"మాట మార్చమన్నారు," అంది టీచరమ్మ జాలిగా. "చూడండి, మొహం ఎలా తెల్లబోయిందో."

"అది సబ్బండీ!"

"మాకు తెలుసు బాబూ. మీ ఉద్యోగం మీకు ముఖ్యం." అని ఆవిడ అందరినీ వెంటబెట్టుకుని, మిగిలిన బకెట్లు వాన కింద పెట్టడానికి డాబా మీదికి నడిచింది.

ఆ వెనకే ఫోను మోగింది. అవతల ఇంజనీరుగారు, ఆయన పై అధికారి.

"ఏమయ్యా, పంపుహౌసులో నీటి మట్టం పడిపోతోందట. సగం ఊరు కుళాయిలు కట్టెయ్యడం లేదు. మా ఆవిడ చెల్లెలు నాకు నోటీసు పంపించింది. నీ సంతకం. ఏమిటిది?"

ఇంట్లో నమలడానికి తప్ప నీళ్ళు లేవు గనక సూపరింటెండెంటుగారు కాసేపు అవే నమిలాడు.

"సార్, అదీ... ఎదురుగా చెబితే బాగుంటుంది."

"నేనే వస్తున్నా. ఎక్కడికీ కదలకు."

ఫోను పెట్టేసి ఆయన మంచం మీద కూలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. ఒక్క మెమో లేదు. మొహం మీద నురుగు ఎండి చిటపటలాడుతోంది. పక్కనే ఉన్న లాయరు మొదటిసారి వాదన మానేసి, "నాన్నా, నిన్ను తీసేస్తారా? నేనే రాశానని చెబుతాలే," అంది. దాని కళ్ళలో నీళ్ళు చూసి ఆయన తల నిమిరాడు.

"నువ్వు రాసింది తప్పు కాదమ్మా. నేను చదవకపోవడం తప్పు. అది నేనే చెబుతాను." డాబా మీదికి వెళ్ళి, వానలో మొహం కడుక్కుని వచ్చాడు.

ఇంజనీరుగారు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఈలోగా భవనంలో మరో పరిణామం జరిగింది. పొద్దున్నుంచీ ఇళ్ళలో మగ్గిపోయిన పిల్లలకు ప్రతి వసారాలోనూ నిండిన తొట్లు కనిపించాయి. పిడుగు మిగిలిన ఆఫీసు కాగితాలతో పడవలు చేసి పంచింది. నాలుగో అంతస్తులో మొదలైన పడవ పందెం ఒకటో అంతస్తు దాకా పాకింది. పళ్ళ డాక్టరు తన పడవని చేపలు ముంచేశాయని ఫిర్యాదు చేశాడు. టీచరమ్మ ఈల పట్టుకుని న్యాయనిర్ణేతగా నిలబడింది. అంతమంది పిల్లలు అంతసేపు టీవీ లేకుండా కేరింతలు కొట్టడం ఆ భవనం కట్టాక అదే మొదటిసారి.

ఇంజనీరుగారు ఒంటరిగా రాలేదు. ఏడేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. "మా ఆవిడ ఊళ్ళో లేదు. పొద్దున్నుంచీ వీడు నన్ను గుర్రాన్ని చేసి ఎక్కి తొక్కుతున్నాడు," అన్నాడు నడుము పట్టుకుని. ఆ పిల్లవాడు పడవల్ని చూసి తండ్రి చెయ్యి వదిలేశాడు. మళ్ళీ దొరకలేదు.

గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక సూపరింటెండెంటుగారు ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాడు. ఆట, దుప్పటి, రెండు 'ఊ'లు. "తప్పంతా నాదే సార్. ఇప్పుడే వెళ్ళి ఆ నోటీసు అబద్ధమని ఊరంతా చెప్పిస్తాను."

ఇంజనీరుగారు ఎగిరిపడ్డాడు. "ఆ పని మాత్రం చెయ్యకు!"

"అదేంటి సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "పదకొండున్నరకు పెద్దాఫీసరు నాకు ఫోను చేశాడయ్యా. రేపు నీళ్ళు ఆపుతున్నారటగా, ఎందుకని. నాకేం తెలుసు? ఏ ఫైల్లోనో నేనే సంతకం పెట్టి మర్చిపోయాననుకున్నాను. రోజుకి వంద పెడతాను, ఏది చదివాను గనక! పెద్ద పైపుకి మరమ్మతండీ అనేశాను. ఆయన ఎంత సంతోషించాడో! 'మూడేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను, ఇన్నాళ్ళకి కదిలారు, అందులోనూ జనానికి ముందుగా చెప్పి మరీ' అన్నాడు. రేపు పొద్దున చూడ్డానికి వస్తానన్నాడు."

"అంటే రేపు..."

"నీళ్ళు రావు. పైపు తవ్వుతున్నాం. మనుషులకి కబురు పెట్టాను." ఇంజనీరుగారు చెమట తుడుచుకున్నాడు. "ఇంతకీ ఇది అబద్ధమని నువ్వు ఎవరికైనా చెప్పావా?"

"ఈ భవనంలో అందరికీ చెప్పాను సార్."

"చచ్చాం! ఎవరైనా నమ్మారా?"

"ఒక్కరూ నమ్మలేదు."

"హమ్మయ్య," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపటికి ఫోనులో నోటీసు మళ్ళీ తీసి చూశాడు. "అయినా ఇంత చిన్నదిగా రాయొచ్చని మనకెందుకు తట్టలేదయ్యా ఇన్నాళ్ళూ?"

లాయరు తలుపు సందులోంచి తల పెట్టి, "ఇంకోటి రాయమంటారా?" అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చిన ఇంటావిడ మెట్ల మీద పడవలు, తడిసిన పిల్లలు, ఈల వేస్తున్న టీచరమ్మను దాటుకుని పైకి వచ్చింది. "పర్వాలేదే, టీవీ లేకుండానే గడిపారు!" అని భర్తని మెచ్చుకుంది. అలసిపోయిన మనిషిని ఇప్పుడే కంగారు పెట్టడం దేనికని ఆయన వివరాలు చెప్పలేదు.

మర్నాడు చెప్పినట్టే నీళ్ళు రాలేదు. ఊళ్ళో ఒక్కరూ కార్యాలయానికి వచ్చి అరవలేదు. అందరి ఇళ్ళలోనూ కావలసినన్ని నీళ్ళున్నాయి. ఉదయం ఆరింటికి నాలుగో అంతస్తు నుంచి సూపరింటెండెంటుగారు ఖాళీ బకెట్టుతో దిగి, టీచరమ్మ తలుపు తట్టాడు.

ఆవిడ బకెట్టుని చూసి విస్తుపోయింది. "అదేంటి బాబూ, మీరే ఇలా వస్తే ఎలా? నోటీసు చదవలేదా?"

"లేదండీ," అన్నాడాయన తల దించుకుని, "సంతకమే పెట్టాను."