శనివారం పాడే ఫ్రీజరు

ఆ శనివారం పొద్దున హాల్వర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదింటికి కిందికి దిగి, బిల్డింగు వాళ్లు వసంతకాలంలో చేసుకునే శ్రమదానంలో ఓ గంట నలుగురి కళ్లలో పడాలి. పదకొండున్నరకి విమానాశ్రయానికి వెళ్లి ట్రిగ్వేని తీసుకురావాలి. ఆ తర్వాత ఇద్దరూ నేలమాళిగలోకి దిగి ఫ్రీజరు ముందు కూర్చోవాలి. అంతే.

హాల్వర్, ట్రిగ్వే కలిస్తే 'ఇస్కాంట్' అనే సంగీత బృందం. ఇద్దరు మనుషులు, గదినిండా మీటలూ వైర్లూ, ఇరవై నాలుగేళ్లు, ఆరు ఆల్బములు. నార్వే ఉత్తరపు కొసన ట్రోమ్సోలో పుట్టిన వాళ్ల సంగీతానికి టోక్యోలో కూడా జనం కళ్లు మూసుకుని ఊగారు. వాళ్లకి పేరు తెచ్చిన మొదటి పాట అడుగున సన్నగా ఒక హోరు వినిపిస్తుంది. అది ధ్రువకాంతి తీసే ఊపిరి అని ఒక విమర్శకుడు రాశాడు. మంచుకొండ గుండె చప్పుడని ఇంకొకాయన వాదించాడు. అది హాల్వర్ అమ్మమ్మగారి ఫ్రీజరని భూమ్మీద ఇద్దరికే తెలుసు. అమ్మమ్మ పోయాక ఫ్లాటూ ఫ్రీజరూ హాల్వర్‌కే వచ్చాయి.

ఆ ఫ్రీజరుకి ఒక చాదస్తం ఉంది. శనివారాలు మాత్రమే పాడుతుంది. మిగతా రోజుల్లో ఏ ఇంటి ఫ్రీజరైనా చేసినట్టే గురగురమంటుంది. మిత్రులిద్దరూ చాలాకాలం తలలు బద్దలు కొట్టుకుని, శనివారాలు ఫ్యాక్టరీలకి సెలవు గనక కరెంటు బలంగా వస్తుందని తేల్చుకున్నారు. కళాకారులకి ఆమాత్రం విజ్ఞానం చాలు.

రెండేళ్ల కిందట వాళ్లు విడిపోయారు. ఒక పాట చివర నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉండాలని హాల్వర్ పట్టుబట్టాడు. ట్రిగ్వే చెప్పకుండా కోసేశాడు. మాటా మాటా పెరిగి, ట్రిగ్వే బెర్గెన్ వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఒక ఫోను లేదు, పండక్కి ఒక కార్డు లేదు. హాల్వర్ ఒంటరిగా కూర్చుని చాలా పాటలు కట్టాడు. వాటిలో ఒక్కటీ తనకే నచ్చలేదు. కిందటి వారం ట్రిగ్వే నుంచి ఒక్క ముక్క సందేశం వచ్చింది: "ఫ్రీజరు బతికే ఉందా?" "ఉంది" అని కొట్టాడు హాల్వర్. "శనివారం వస్తున్నా" అని జవాబు. ఆ రాత్రి హాల్వర్‌కి సంతోషంతో నిద్ర పట్టలేదు.

పదింటికి వాకిట్లో గున్‌వోర్ మేడమ్ విజిలు మెళ్లో వేసుకుని నిలబడి ఉంది. ఆవిడ బిల్డింగు సంఘానికి అధ్యక్షురాలు. అంతకుముందు ముప్ఫైయేళ్లు బడిపంతులమ్మ. హాల్వర్‌కి మూడో తరగతిలో పాఠం చెప్పింది ఆవిడే.

"ఏమోయ్ హాల్వర్! ఆరేళ్ల తర్వాత దర్శనం. తోవ గుర్తుందా?"

"కచేరీలండీ..."

"కచేరీలు శనివారమే ఉంటాయా ఏమిటి? సరే, ఓడ్‌వార్‌తో కలిసి నేలమాళిగకి పద. పేరు చీటీ లేనిదల్లా చెత్తబండిలోకి. ఇంటికి ఒక పెద్ద సామాను, ఒక చీటీ. రెండింటికి లారీ వచ్చి బండిని పట్టుకుపోతుంది."

ఓడ్‌వార్ కింది వాటాలో ఉండే ప్లంబరు, కొండంత మనిషి. ఆరేళ్ల బాకీ ఒక్క పూటలో తీర్చేయాలని హాల్వర్‌కి పూనకం వచ్చింది. బట్టలుతికే గదిలో పాతకాలపు కరెంటు రోలరు మిషను కనబడింది. రెండు కర్ర రోలర్ల మధ్య దుప్పట్లు పెడితే చదునుగా వచ్చేస్తాయి, అలాంటిది. చీటీ లేదు. "ముందు దీని పని పడదాం" అన్నాడు. ఇద్దరూ రొప్పుతూ దాన్ని మోసుకుని మెట్లెక్కుతుంటే, మూడో అంతస్తు బోర్గిల్ బామ్మ ఎదురైంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. మిషను వంక చూసింది, హాల్వర్ వంక చూసింది.

"దీన్ని పారేస్తున్నావా, నాయనా?"

"అవును బామ్మగారూ, పాత సామాను!"

"నువ్వే పారేస్తానంటే ఇక నేనేమంటాను" అని బామ్మ పక్కకి తప్పుకుంది. మిషను చెత్తబండి అడుగున దబ్బుమని పడింది. హాల్వర్ చేతులు దులుపుకుని, విమానానికి ఇంకా చాలా టైముందనుకున్నాడు.

తిరిగి దిగేసరికి గున్‌వోర్ మేడమ్ ఫ్రీజరు ముందు నిలబడి ఉంది. "దీనికీ చీటీ లేదు. ఎవరిది?"

అది హాల్వర్‌దే. తన చీటీని మార్చిలోనే పాత కీబోర్డుల పెట్టెకి అంటించేశాడు. మార్పులకి గడువు ఏప్రిల్ పదిహేనుతో ముగిసింది. 'నేను పేరున్న సంగీతకారుణ్ణి, నా ఒక్కడికీ రెండో సామాను ఉంచండి' అని అడగడం కన్నా బట్టల్లేకుండా వీధిలో నడవడం నయం అనుకునే ఊరు అది. హాల్వర్ ఆ ఊరివాడే. గున్‌వోర్ పక్క గదిలోకి తిరగ్గానే గోడకున్న ఖాళీ చీటీ ఒకటి పీకి, చీటీ వాడుకోని ఏకైక మనిషి ఎవరా అని ఆలోచించి, 'బోర్గిల్, మూడో అంతస్తు' అని రాసి అంటించేశాడు. ముసలావిడ సామాను జోలికి ఎవరూ పోరు గదా అని ధైర్యం.

గున్‌వోర్ తిరిగొచ్చి చీటీ చదివింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

"అయ్యో! ఈ వయసులో ఒక చేప ముక్క కోసం ఆవిడ మూడంతస్తులు దిగి ఎక్కుతోందన్న మాట! మనకి సిగ్గుండాలి." విజిలు ఊదింది. "అందరూ రండి! దీన్ని ఆవిడ వంటింట్లోకి చేర్చాలి!"

"వద్దండీ, పాపం ఆవిడకి ఇబ్బందేమో..." అన్నాడు హాల్వర్.

"ఇబ్బందా? ముందు మూల నువ్వే పట్టుకో."

బరువు తగ్గాలని ఓడ్‌వార్ లోపలి సరుకంతా ఖాళీ చేశాడు. పది కిలోల రెయిన్‌డీర్ మాంసం, రెండు డబ్బాల క్లౌడ్‌బెర్రీ పళ్లు. శీతాకాలమంతా హాల్వర్ దాచుకున్నవి. కరిగితే పాడైపోతాయని వాకిట్లో పొయ్యి రాజేశారు. హాల్వర్ తన ఫ్రీజరుని తనే మోస్తూ, ప్రతి మలుపులోనూ "ఇటు, కాస్త ఇటు" అని దారి చెబుతూ మూడంతస్తులు ఎక్కాడు. తలుపు తీసిన బామ్మ ఫ్రీజరు వంక చూసింది, చెమటలు కక్కుతున్న నలుగురి వంక చూసింది. అంత కష్టపడి తెచ్చిన వాళ్లని అది నాది కాదని ఎలా అంటుంది?

"ఎంత మంచివాళ్లర్రా మీరు!" అంది బామ్మ.

వాకిట్లో మాంసం కాలుతోంది. అందరూ బామ్మ కిటికీ వైపు చేతులెత్తి "భోజనానికి కృతజ్ఞతలు, బోర్గిల్ గారూ!" అని అరిచారు. సొంత మాంసం నములుతూ హాల్వర్ కూడా అరిచాడు. అరుస్తూండగానే, వాకిట్లో రికార్డరు పెట్టెతో నిలబడ్డ బక్కపలచని మనిషి కనబడ్డాడు. అప్పటికి ఒంటిగంట దాటింది.

"నలభై నిమిషాలు నిలబడ్డానురా విమానాశ్రయంలో" అన్నాడు ట్రిగ్వే. "నా మొహం చూడ్డం ఇష్టంలేక రాలేదనుకున్నా. ఐదింటి విమానానికి తిరుగు టిక్కెట్టు కూడా తీసుకున్నా. తీరా చూస్తే నువ్విక్కడ విందు చేసుకుంటున్నావు!"

"విందు కాదురా, నా ఖర్మ! పద, చెబుతా."

నేలమాళిగలో ఫ్రీజరు ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. దాని ముందు నిలబడి హాల్వర్ చీటీ సంగతంతా చెప్పాడు. ట్రిగ్వే నవ్వలేదు. "పైకి పద" అన్నాడు.

బామ్మ వాళ్లని వంటింట్లోకి తీసుకెళ్లి కాఫీ పోసింది. ట్రిగ్వే ఫ్రీజరు ముందు మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడు. గురగుర. ఐదు నిమిషాలు అలాగే ఉన్నాడు. గురగుర.

"ఇవాళ శనివారమే కదరా" అన్నాడు హాల్వర్, ఏడుపు గొంతుతో.

ట్రిగ్వే లేచి రికార్డరు పెట్టె మూసేశాడు. "పోయిందిరా. మనతోపాటే అదీ పోయింది. నేను ఐదింటికి వెళ్లిపోతా."

"దేని కోసం వెతుకుతున్నారర్రా?" అంది బామ్మ.

హాల్వర్ ఇక ఆగలేకపోయాడు. ఫ్రీజరు తనదని, చీటీ తను రాసిందని, తమ మొదటి పాట దీని గొంతేనని, ఇప్పుడది మూగబోయిందని, తనకున్న ఒక్క స్నేహితుడూ ఐదింటికి వెళ్లిపోతాడని, అన్నీ కక్కేశాడు. బామ్మ, కొంగు లేదు గనక, చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఫ్రీజరు పాడ్డమేమిటి, పిచ్చి నాయనా! అది నా రోలరు మిషను. శనివారం శనివారం బట్టలుతికే గదిలో, చెక్క గోడకి అవతల నేను దుప్పట్లు వేసేదాన్ని. ఇవతల మీరు మైకు గొట్టాలు పట్టుకుని కూర్చునేవాళ్లు. మొదటిసారి రేడియోలో వినగానే పోల్చేశా."

"ఇరవై నాలుగేళ్లు! ఒక్క మాట చెప్పకూడదటండీ?" అన్నాడు ట్రిగ్వే.

"మీరు అడగలేదుగా. అవతల పెద్దలంతా ధ్రువకాంతి, మంచుకొండ అని పొగుడుతుంటే మధ్యలో నా దుప్పట్ల గొడవెందుకని ఊరుకున్నా."

"మరి ఆ మిషను ఎక్కడుంది?"

బామ్మ హాల్వర్ వంక చూసింది. హాల్వర్ గడియారం వంక చూశాడు. రెండింటికి ఇంకా పదిహేను నిమిషాలే ఉంది.

మెట్లు నాలుగేసి దూకుతూ కిందికి వచ్చేసరికి చెత్తబండి అంచుల దాకా నిండిపోయింది. పాత సోఫాలు, సైకిళ్లు, మంచు తోసే పారలు, వాటన్నిటి అడుగున మిషను. ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. పుట్టి బుద్ధెరిగాక హాల్వర్ ఎన్నడూ అనని మాట ఒకటి అనాల్సి వచ్చింది.

"నాకు... కాస్త సాయం కావాలి" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పవోయ్!" అంది గున్‌వోర్. "మూడో తరగతిలోనూ ఇంతే!"

గట్టిగానే చెప్పాడు. ఫ్రీజరు, చీటీ, మాంసం, పాట, మిషను, ట్రిగ్వే. ఓడ్‌వార్ అన్నాడు: "అయితే నా పెళ్లిలో మా ఆవిడా నేనూ డ్యాన్సు చేసింది దుప్పట్ల మిషనుకా?"

గున్‌వోర్ విజిలు ఊదింది. పొద్దుటి నుంచి నింపిన బండిని పదిహేను మంది పదిహేను నిమిషాల్లో ఖాళీ చేశారు. లారీ డ్రైవరు వచ్చి తిట్టబోయి, విషయం విని, చేతులకి గ్లౌజులు తొడుక్కున్నాడు. మిషను బయటపడింది. ఒక పక్క సొట్ట. నేలమాళిగలోకి దింపి, పాత చోటే పెట్టారు. బామ్మ తన దుప్పట్లు రెండు తెచ్చింది. ట్రిగ్వే చెక్క గోడకి ఇవతల, ఫ్రీజరు లేని చదరంలో కూర్చుని రికార్డరు తిప్పాడు. బిల్డింగు మొత్తం మెట్ల మీద ఊపిరి బిగబట్టి నిలబడింది. బామ్మ మీట నొక్కింది.

హోరు వచ్చింది. అదే హోరు.

"స్వరం కాస్త దిగిందిరా" అని గుసగుసలాడాడు ట్రిగ్వే.

"మనం దిగలేదా?"

దుప్పటి అయిపోయింది. బామ్మ మిషను ఆపింది. హాల్వర్ రికార్డరు కట్టేయబోతే ట్రిగ్వే అతని చెయ్యి పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు ట్రిగ్వేనే కట్టేశాడు. ఆ చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు. ఐదింటి విమానం అతను లేకుండానే వెళ్లిపోయింది.

ఆల్బము శరదృతువులో వచ్చింది. 'మనిషి అలికిడి ఎరగని ధ్రువపు ఏకాంతం ఈ పాటలో పలికింది' అని ఓస్లో పత్రిక ఒకటి పొగిడింది. గున్‌వోర్ మేడమ్ ఆ ముక్క కత్తిరించి మెట్ల దగ్గర నోటీసు బోర్డుకి గుచ్చి, కింద ఎర్ర సిరాతో రాసింది: వచ్చే శ్రమదానం మే నెల మొదటి శనివారం, నేలమాళిగ పని హాల్వర్‌కి కాకుండా ఇంకెవరికైనా.