సగం సంగీతానికి అనుమతి

కొత్త సంగీతం వినడానికి జనగామలో సకల సౌకర్యాలూ ఉన్నాయని ఒప్పుకోవాలి. వాయించేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు, వద్దనడానికి ఒక కార్యాలయం కూడా ఉంది. లేనిదల్లా కూర్చునే చోటు.

సకల జనుల సమ్మె నాటికి, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే కైసర్‌కు ఆ చోటు అత్యవసరమైంది. మాటలూ బాణీ రెండూ లేని సంగీతం ఒకటి ఎనిమిది వాయిద్యాలకు కట్టాడు. అది తనకు వాయిద్యం నేర్పిన ఉస్తాద్ అమీర్ అలీ చెవిన పడాలన్నది అతని ఆరాటం. ముసలాయన చెవులు దసరా దాటి పనిచేయవని దవాఖానలో చెప్పేశారు.

ఫంక్షన్ హాలు యజమాని రాజమౌళి ఓపికగా విన్నాడు.

"పెండ్లా, రిటైర్మెంటా?"

"ఏం లేదన్నా. ఉత్తగ కూసోని వింటరు."

"మరి బువ్వ ఎప్పుడు పెడ్తరు?"

"పెట్టం."

రాజమౌళికి జాలేసింది. తిండి పెట్టకుండా జనాన్ని కూర్చోబెడితే అది నిరాహార దీక్ష కిందికి వస్తుందని, దానికి అనుమతి తెచ్చుకోవాలని తేల్చేశాడు. (చట్టం తెలిసిన మనిషి.)

అనుమతులిచ్చేది తాత్కాలిక ధ్వని పరిశీలకుడు వెంకట్రాం. (తాత్కాలికుడు గనుక సమ్మె చేసే యోగం లేదు.) ఆయన నిబంధనలు సులువు. మాటలుంటే ఉద్యమం, బాణీ ఉంటే పెళ్లి, రెండూ లేకపోతే కుట్ర.

"ఇందులో తెలంగాణ ఉందా?" అని అడిగాడు.

"మాటలే లెవ్వు సార్."

"లేవా, దాచావా?"

ఫైలు పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడ అందరూ సమ్మెలో ఉన్నారు. దసరా మాత్రం సమ్మె చేయకుండా దగ్గరపడుతోంది.

చివరికి రిలే దీక్షల శిబిరం నడిపే కల్పన కనికరించింది. "గీడ వాయించు తమ్మీ. నిన్ను ఆపాల్నంటే ముందు మమ్ముల ఆపాలె గద."

అమీర్ అలీ ముందు కుర్చీలో, చెవికి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. సంగీతం మొదలైంది. కైసర్‌కు సంతోషంతో ఊపిరాడలేదు, క్లారినెట్‌కు సరిపడా మాత్రం మిగిలింది. మధ్యలో, అతను ఎంతో ఆలోచించి పెట్టుకున్న నిశ్శబ్దం వచ్చింది.

శిబిరమంతా లేచి తలలు వంచింది. ఉద్యమంలో నిశ్శబ్దమంటే అమరులకే. మళ్లీ ఊదడానికి కైసర్‌కు ధైర్యం చాలలేదు. అమరుల మౌనాన్ని చెడగొట్టినవాడిగా ఆ ఊళ్లో ఎవడు బతకగలడు? రెండు నిమిషాలకు జోహార్లు చెప్పేశారు, మైకు వకీళ్ల సంఘం చేతికి వెళ్లింది. చప్పట్లు కూడా బాగానే కొట్టారు.

"మంచిగున్నది బేటా," అన్నాడు అమీర్ అలీ. "మిగిలింది ఎప్పుడు వినిపిస్తవ్?"

అయింది సగమేనని కనిపెట్టినవాడు ఆయనొక్కడే. కైసర్‌కు ఏడుపొచ్చింది.

మిగిలిన సగానికి అనుమతి మరుసటి ఏడాది వచ్చింది. టౌన్ హాలు కూడా ఇచ్చారు. శబ్దం మొదటి వరుస దాటకూడదన్నది ఒకే ఒక్క షరతు. కైసర్ ప్రాణం పెట్టి వాయించాడు. మొదటి వరుసలో ఉన్నది అమీర్ అలీ ఒక్కడే. ఆయన దాకా కూడా ఏ శబ్దమూ చేరలేదు గనుక షరతు సంపూర్ణంగా అమలైనట్టు వెంకట్రాం ధ్రువీకరించాడు.